మావయ్య ఫైళ్ళకి ఏ తాళం? గొంతు, వేలిముద్ర, పాస్‌ఫ్రేజ్, హార్డ్‌వేర్ కీ పక్కపక్కన పెట్టి చూస్తే

మా మావయ్య స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు, గాజువాకలో ఉంటాడు. సుగర్ వల్ల చూపు బాగా తగ్గిపోయింది. రాయలేడు కాబట్టి రోజూ రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకుంటాడు, ఆయనకి అదే డైరీ. అత్త పోయినప్పట్నుంచి మొదలుపెట్టాడు. ఆ రికార్డింగులు తను ఉన్నన్నాళ్ళూ ఎవరూ వినకూడదు, కొడుకు కూడా, పోయాక మాత్రం పిల్లలకి అందాలి అన్నది ఆయన కోరిక. దాంతోపాటు ఇంటి కాగితాల స్కాన్లు, పెన్షన్ కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి.

నేను రుషికొండ దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాను కదా, అందుకని ఆ పని నా మీద పడింది. నన్ను కూర్చోబెట్టి అడిగాడు, "ఒరే, నా ఏలిముద్ర ఎక్కడా పడదు, పాస్‌వర్డ్ కొడదామంటే కీబోర్డు కనపడదు. గొంతొకటే బాగుంది నాకు. ఫోన్ చేసి ఒరే అంటేనే నువ్వు గుర్తుపడతావు కదా, కంప్యూటర్‌కి ఏటి కష్టం? దాంతోనే తాళం ఎయ్యొచ్చు కదా?"

చాలా న్యాయమైన ప్రశ్న అది. నేనూ అప్పుడు అవుతుందనే అనుకున్నాను. ఓ రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని చదివి, ఆయన గొంతు మీదే ట్రై చేసి, చివరికి వేరే దారి పట్టాను. ఇలాంటి అవసరమే ఉన్నవాళ్ళకి, ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకున్న పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక తేడా అర్థం చేసుకోవాలి, ఇది తెలియకపోతే మిగతా పోలికంతా కలగాపులగం అయిపోతుంది. మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గది గోడకి తాళంచెవుల బోర్డు ఉంటుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు చీకట్లో నేను పిలిస్తే గొంతు గుర్తుపట్టి మా ఇంటి తాళంచెవి తీసి ఇస్తాడు. ఇక్కడ నా గొంతు తాళంచెవి కాదు, తాళంచెవి ముందే ఉంది, గొంతు విని ఇచ్చాడంతే. బ్యాంకులకి ఫోన్ చేస్తే గొంతు గుర్తుపట్టే సిస్టమ్స్ ఇలాంటివే. రెండో పద్ధతిలో బోర్డు ఉండదు, వాచ్‌మన్ ఉండడు, నేను మాట్లాడిన మాటల్లోంచే తాళంచెవి అప్పటికప్పుడు తయారవ్వాలి, పని అయ్యాక మాయమైపోవాలి, ఎక్కడా దాచక్కర్లేదు. గొంతుతో ఎన్‌క్రిప్షన్ (ఫైలుని కీ లేకుండా చదవలేనట్టు మార్చెయ్యడం) కీ తయారుచెయ్యడం అంటే ఈ రెండోది. వినడానికి చాలా బాగుంటుంది, దాచని తాళంచెవిని ఎవడు దొంగిలిస్తాడు అనిపిస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. 2001లో మన్‌రోస్, రైటర్, లీ, వెట్జెల్ అనే పరిశోధకులు, మనిషి ఒక పాస్‌వర్డ్‌ని పైకి పలికితే ఆ పలుకులోంచి కీ పుట్టించే పద్ధతి చూపించారు. 50 మంది చేత పలికించిన 250 రికార్డింగుల మీద పరీక్షించారు. సుమారు రెండు సెకన్ల మాటలోంచి 46 బిట్ల వరకు తీశారు (బిట్ అంటే 0 గానీ 1 గానీ, ఒక్కో బిట్ పెరిగితే దొంగ వెతకాల్సిన అవకాశాలు రెట్టింపు), మరుసటి ఏడాది అప్పటి చిన్న చేతి కంప్యూటర్ల మీద కూడా దీన్ని నడిపి చూపించారు. 1999లో జూయెల్స్, వాటెన్‌బర్గ్ ఫజ్జీ కమిట్‌మెంట్ అనీ, 2004లో డోడిస్, రేజిన్, స్మిత్ ఫజ్జీ ఎక్స్‌ట్రాక్టర్ అనీ ప్రతిసారీ కొంచెం మారే కొలతలోంచి కూడా ఒకే కీ తియ్యడానికి కావలసిన లెక్కల పునాది వేశారు. కాబట్టి ఇది ఉత్త కబుర్ల సైన్స్ అని నేను అననే అనను, నిజంగా మంచి బుర్రలు పెట్టిన పని.

లోపల జరిగేది ఇది. మాటని 20 నుంచి 30 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో కొన్ని నంబర్లుగా తీస్తారు, ఈమధ్య అయితే న్యూరల్ నెట్‌వర్క్ మొత్తం మాటని 192 నంబర్లో 512 నంబర్లో ఉన్న ఒక వరసగా ఇస్తుంది. ఒక్కో నంబరు ఒక హద్దుకి పైన ఉంటే 1, కింద ఉంటే 0. అలా బిట్ల దండ వస్తుంది. చిక్కు ఎక్కడంటే ఎన్‌క్రిప్షన్‌కి ఒక్క బిట్ తేడా వచ్చినా ఫైలు తెరుచుకోదు, మనిషేమో ఒకే మాట రెండుసార్లు ఒకేలా పలకలేడు. అందుకని మొదటిసారి రికార్డు చేసినప్పుడే హెల్పర్ డేటా అని కొంత సమాచారం పక్కన రాసి పెట్టుకుంటారు, తర్వాత పలికినప్పుడు తప్పిన బిట్లని దాంతో సరిచేస్తారు, సీడీ మీద గీత పడ్డా పాట ఆడుతుంది చూడండి, ఆ ఎర్రర్ కరెక్షన్ కుటుంబమే ఇది కూడా. ఎన్ని ఎక్కువ తప్పులు సరిచెయ్యమంటే అన్ని తక్కువ రహస్య బిట్లు మిగుల్తాయి, ఆ బేరం తప్పించుకోలేం.

ఇంక మావయ్య గొంతు దగ్గరికి వస్తాను. మే నెలలో ఆదివారం మధ్యాహ్నం, గాజువాకలో ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేను చిన్న ప్రోగ్రామ్ రాసుకుని వెళ్ళాను, ఆయన తనే ఒక వాక్యం అనుకున్నాడు, అది ఇక్కడ రాయను. ఫ్యాన్ ఆపి, తలుపులేసి, నా ఫోన్ పట్టుకుని చెప్తే కీ చక్కగా వచ్చింది, మళ్ళీ చెప్తే మళ్ళీ అదే కీ. ఇద్దరం సంబరపడ్డాం. పది నిమిషాలకి ఆయన బనీను తడిసి ముద్దయిపోయింది, ఫ్యాన్ వెయ్యమన్నాడు. వేశాం, అంతే, కీ రాలేదు. ఫోన్ బదులు బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టాం, రాలేదు, ఎందుకంటే చాలా హెడ్‌సెట్లు కాల్‌లో గొంతుని 8 కిలోహెర్ట్జ్‌కో 16 కిలోహెర్ట్జ్‌కో కుదించేస్తాయి, దానికి తోడు ఫోన్లు వాటంతట అవే రొద తగ్గించే ఫిల్టర్లు పెడతాయి. తర్వాత గమనించిన సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఆయనకి కట్టుడుపళ్ళు ఉన్నాయి. సాయంత్రం అవి తీసి గిన్నెలో వేసి మళ్ళీ చెప్తే, నా చెవికి అదే మావయ్య, అదే గొంతు, కానీ స, శ దగ్గర గాలి వేరేలా పోతోంది, స్క్రీన్ మీద చూస్తే సరిగ్గా ఆ అక్షరాల ముక్కల్లోనే బిట్లు తారుమారు. డైరీ ఆయన చెప్పుకునేది రాత్రి, పళ్ళు తీసేశాకే.

సరే, తప్పుల హద్దు పెంచుదాం అనుకున్నాను. పెంచాను. ఫ్యాన్ వేసినా తెరుచుకుంది, పళ్ళు లేకపోయినా తెరుచుకుంది. అప్పుడే వాళ్ళబ్బాయి, మా బావ, డ్యూటీ నుంచి వచ్చాడు. ఫోన్ ఎత్తితే చుట్టాలు తండ్రో కొడుకో పోల్చుకోలేరు, అంత దగ్గర గొంతులు వాళ్ళవి. ఏదో ఆటగా ఈ వాక్యం చెప్పు బావా అన్నాను, చెప్పాడు, తెరుచుకుంది. ఎవరు వినకూడదని ఆయన ఇదంతా చేయిస్తున్నాడో ఆ మనిషికే తెరుచుకుంది. మావయ్య ఏమీ అనలేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2017లో బీబీసీ రిపోర్టర్ ఒకాయన బ్యాంకు అకౌంటుకి గొంతు తాళం పెట్టుకుంటే ఆయన కవల సోదరుడు గొంతు అనుకరించి లోపలికి వెళ్ళగలిగాడని తర్వాత చదివాను, అక్కడా ఇదే కథ.

బిట్ల లెక్క

దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి, ఎంపిక అంతా ఇక్కడే ఉంది.

ఒక గొంతు సిస్టమ్ వెయ్యి మంది పరాయివాళ్ళలో ఒకరిని పొరపాటున రానిస్తుంది అనుకోండి, గుర్తింపు వరకే అయితే అది బాగానే ఉన్నట్టు. కానీ కీ తయారీకి ఆ లెక్క తెస్తే ఏమవుతుంది? మీ ఫైలూ, ఆ హెల్పర్ డేటా కాపీ చేసుకుని పోయినవాడు తీరిగ్గా ఇంట్లో కూర్చుని వెయ్యి గొంతులు వేసి చూస్తే సుమారుగా ఒకటి తగులుతుంది. ఒకటిని పదిసార్లు రెట్టింపు చేస్తే సుమారు వెయ్యి, అంటే 10 బిట్లు. మీ ప్రోగ్రామ్ 256 బిట్ల కీ చూపించవచ్చు, చివర్లో హాష్ (ఏది ఇచ్చినా ఒకే పొడుగు బిట్ల వరసగా మార్చే లెక్క) వేస్తే ఎంతైనా 256 బిట్లే కనపడతాయి, అరసోలెడు బియ్యం పెద్ద డేగిసాలో వండినా అన్నం అంతే అవుతుంది. వేసి చూడ్డానికి గొంతులు ఎక్కడివి అంటారా, వాక్స్‌సెలెబ్ అనే పబ్లిక్ సెట్లు రెండూ కలిపితే 7 వేల పైచిలుకు మంది గొంతులు ఉన్నాయి, పరిశోధన కోసం పెట్టినవి.

మన్‌రోస్ వాళ్ళ పద్ధతి ఇంతకంటే మెరుగు, ఎందుకంటే అందులో ఏ మాట పలకాలో అన్నది కూడా రహస్యమే, గొంతు దాని మీద అదనం. అయినా 46 బిట్లు అంటే దాదాపు 70 లక్షల కోట్ల అవకాశాలు. సెకనుకి 100 కోట్లు ప్రయత్నించే మిషన్ దొరికితే ఇరవై గంటల్లోపు అన్నీ అయిపోతాయి. ప్రతి ప్రయత్నాన్ని కావాలని నెమ్మది చేసే పద్ధతులు ఉన్నాయి, వాటితో ఈ గంటలు బాగా పెరుగుతాయి, అది ఒప్పుకోవాలి. ఐనా కనుపాపతో పోల్చి చూడండి, 2006లో హావ్, ఆండర్సన్, డాగ్‌మన్ కనుపాప నుంచి 140 బిట్ల కీ తీశారు. గొంతులో అంత సరుకు లేదు, ఉన్న సరుకు కూడా ఫ్యాన్ గాలికి కదిలిపోతుంది.

ఇప్పుడు దీని పక్కన పాచికలతో తీసిన పాస్‌ఫ్రేజ్ (కొన్ని పదాలు వరసగా పెట్టిన పాస్‌వర్డ్) పెట్టండి. అయిదు పాచికలు వేస్తే 7,776 రకాలు, అన్ని పదాల జాబితాలోంచి ఒక పదం, అంటే పదానికి దాదాపు 12.9 బిట్లు. ఆరు పదాలకి 77 బిట్లు. అదే 100 కోట్ల మిషన్‌కి ఇది మొత్తం వెతకడానికి 70 లక్షల ఏళ్ళు పడుతుంది. ఆరు మాటలు, కాగితం మీద ఒక లైను.

ఇంకోటి, ఇదే నాకు చివరికి దారి చూపించింది. తక్కువ బిట్ల రహస్యం ఎప్పుడూ పనికిరాదని కాదు. ఏటీఎం పిన్ నాలుగు అంకెలే కదా, ఐనా పని చేస్తుంది, మూడుసార్లు తప్పితే కార్డు ఆగిపోతుంది కాబట్టి. లెక్కపెట్టే వాడు ఒకడు మధ్యలో ఉంటే చిన్న రహస్యం చాలు. ఫైలు దొంగ చేతికి వెళ్ళిపోయాక లెక్కపెట్టేవాడు ఎవడూ ఉండడు, అప్పుడు పెద్ద రహస్యమే కావాలి. గొంతుతో తయారుచేసిన కీ దగ్గర ఈ రెండూ లేవు, రహస్యం చిన్నది, లెక్కపెట్టేవాడు లేడు. మీరు ఏ పద్ధతి చూసినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి, తప్పు ప్రయత్నాలు ఎవరు లెక్కపెడుతున్నారు అని.

గొంతు రహస్యమే కాదు అన్న సంగతి సరేసరి. మావయ్య వాయిస్ మెసేజులు మా చుట్టాలందరి ఫోన్లలో ఉన్నాయి, ఆయన టైప్ చెయ్యలేడు కాబట్టి అన్నీ వాయిస్‌లోనే పెడతాడు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్ళు వాల్-ఈ అనే మోడల్ గురించి చెప్పారు, మూడు సెకన్ల నమూనాతో గొంతు అనుకరిస్తుంది. 2024 మార్చిలో ఓపెన్‌ఏఐ వాళ్ళు 15 సెకన్ల నమూనా చాలు అన్న మోడల్ చూపించారు. నకిలీ గొంతులని పట్టుకోడానికి ఏఎస్‌వీస్పూఫ్ అని 2015 నుంచి పోటీలు నడుస్తున్నాయి, అక్కడ మంచి పని జరుగుతోంది, కానీ ఆ పట్టుకునే సాఫ్ట్‌వేర్ కూడా సర్వర్ మీద ఉంటేనే కాపలా కాస్తుంది, ఫైలు ఎత్తుకుపోయినవాడు దాన్ని పక్కన పడేస్తాడు. ప్రతిసారీ కొత్త వాక్యం చదివిస్తే రికార్డింగు వినిపించే మోసం ఆగుతుంది కదా అంటారు, గుర్తింపుకైతే నిజమే, కానీ పలికిన మాటలోంచి కీ తీసేటప్పుడు వాక్యం మారితే కీ కూడా మారిపోతుంది. ఇక పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం, గొంతు బయటపడితే ఏం మారుస్తాం? దీనికి క్యాన్సిలబుల్ బయోమెట్రిక్స్ అని ఒక మందు ఉంది, గొంతు నమూనాని మార్చగలిగే ఒక నంబరుతో తిప్పి దాచడం, పాత నమూనా పోతే నంబరు మారుస్తారు. అసలు గొంతే దొంగ దగ్గర ఉంటే మాత్రం ఆ నంబరు రహస్యంగా ఉన్నంతవరకే అది కాపాడుతుంది.

మిగతావి

వేలిముద్ర, ముఖం. ఫోన్లలో ఇవి కీ తయారుచెయ్యవు, వాచ్‌మన్ పద్ధతి. కీ ఫోన్ లోపల వేరే చిప్‌లోనో, విడిగా కాపలా ఉన్న భాగంలోనో ఉంటుంది, వేలు సరిపోతే వాడనిస్తుంది, కొన్నిసార్లు తప్పితే పిన్ అడుగుతుంది. లెక్కపెట్టేవాడు ఉన్నాడు, కాబట్టి బిట్లు తక్కువైనా పర్వాలేదు. ఆండ్రాయిడ్‌లో బలమైన తరగతి అనిపించుకోవాలంటే పరాయి వేలు పొరపాటున సరిపోయే అవకాశం 50,000కి 1 మించకూడదు. మామూలు జనానికి రోజువారీ వాడకానికి ఇదే మంచిది, నేనూ ఇదే వాడతాను. మావయ్యలా ఏళ్ళ తరబడి ఇనుముతో పని చేసి వేళ్ళు అరిగిపోయినవాళ్ళకి కుదరదు, రేషన్ దగ్గర ఆధార్ వేలిముద్ర పడక తిరిగినవాళ్ళకి ఆ బాధ తెలుసు. ఫోన్ పోతే కీ కూడా పోతుంది, దాచుకునే పాత ఫైళ్ళకి ఒక్క ఫోన్‌నే నమ్ముకోకండి. ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో గొంతుతో కూడా ఫోన్ లాక్ తీసే సదుపాయం ఉండేది, మీ లాంటి గొంతుతో ఇంకొకరు తీయొచ్చు అని వాళ్ళే హెచ్చరించి పెట్టారు, తర్వాత తీసేశారు.

పాస్‌ఫ్రేజ్. దీన్ని ఆర్గాన్2 లాంటి నెమ్మది చేసే పద్ధతి గుండా పంపాలి, 2015లో పాస్‌వర్డ్ హాషింగ్ పోటీలో గెలిచింది అదే, లినక్స్ (విండోస్ బదులు కంప్యూటర్‌లో వేసుకునే ఉచిత సిస్టమ్) డిస్క్ ఎన్‌క్రిప్షన్‌లోనూ, పాస్‌వర్డ్‌లు దాచే కీపాస్‌ఎక్స్‌సీలోనూ ఉంది. ఖర్చు లేదు, పాడయ్యే వస్తువు లేదు, పదేళ్ళ తర్వాత ఏ కంప్యూటర్ మీదైనా పని చేస్తుంది. మనవాళ్ళకి రెండు జాగ్రత్తలు చెప్పాలి. సామెతలు, పాట లైన్లు, పద్యాలు వద్దు, మీకు గుర్తొచ్చేవి దొంగ జాబితాలో కూడా ఉంటాయి, పాచికలు వేసి తియ్యండి. రెండోది, తెలుగు పదాలు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం కదా, వంకాయలో సున్నాకి ఎన్ కొట్టానా ఎమ్ కొట్టానా, కా దగ్గర ఏ ఒకటా రెండా అని ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు, కంప్యూటర్‌కేమో అవన్నీ వేరే వేరే పాస్‌వర్డ్‌లు. ఏ స్పెల్లింగ్ కొట్టారో అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. నేను ఈ తప్పు చేసి ఒక టెస్ట్ ఫైలు పోగొట్టుకున్నాను.

హార్డ్‌వేర్ కీ. పెన్‌డ్రైవ్ సైజులో ఉండే, ఫిడో2 అనే ప్రమాణం ప్రకారం పని చేసే కీ. లోపల రహస్యం బయటికి రాదు, కంప్యూటర్ ఒక నంబరు పంపితే లోపలే లెక్కవేసి జవాబు ఇస్తుంది, ఆ జవాబుతో డిస్క్ తెరుచుకుంటుంది. లినక్స్‌లో సిస్టమ్‌డీ అనే భాగం 248 వెర్షన్ నుంచి, అంటే 2021 నుంచి, ఇది నేరుగా పెట్టుకోవచ్చు. ఎనిమిదిసార్లు వరసగా పిన్ తప్పితే కీ తాళం పడిపోతుంది, మూడుసార్లు తప్పితేనే ఊడదీసి మళ్ళీ పెట్టమంటుంది. అంటే ఆరంకెల పిన్ చాలు. ఇంకో సంగతి కొన్నాకే నాకు తెలిసింది, దాని మీద వేలు పెట్టమంటుంది కానీ మామూలు మోడల్స్‌లో అది వేలిముద్ర చూడదు, ఎవరో ఒక మనిషి ముట్టుకున్నాడా లేదా అని చూస్తుందంతే. అరిగిన వేలు కూడా చెల్లుతుంది! దీనికున్న లోటల్లా డబ్బు ఖర్చు, పోగొట్టుకునే భయం. ఒకటి కొంటే కొననట్టే, రెండు కొనాలి.

ఎవరికి ఏది

ఫోన్‌లో ఫొటోలు, బ్యాంకు యాప్‌లు, రోజువారీ సంగతులే అయితే వేలిముద్ర లేదా ముఖం, వెనక ఆరంకెల పిన్. అంతకంటే ఆలోచించక్కర్లేదు.

డాబాగార్డెన్స్‌లోనో సిరిపురంలోనో ఆఫీసు పెట్టుకుని క్లయింట్ల కాగితాలు దగ్గర ఉంచుకునే ఆడిటర్లు, లాయర్లు అయితే రెండు హార్డ్‌వేర్ కీలు, ఒక పాస్‌ఫ్రేజ్. గొంతుతో ఎన్‌క్రిప్షన్ చేస్తాం అని ఎవరైనా సాఫ్ట్‌వేర్ అమ్మడానికొస్తే మూడు ప్రశ్నలు అడగండి. గొంతు నమూనా ఎక్కడ దాస్తారు, కీ గొంతులోంచి పుడుతుందా లేక గొంతు చూసి ఇస్తారా, నాకు జలుబు చేసిన రోజు ఏం చేస్తారు. మూడోదానికి "అప్పుడు పాస్‌వర్డ్ కొట్టొచ్చు సార్" అంటే, మీ అసలు తాళం ఆ పాస్‌వర్డే, దాని బలమే మీ బలం.

బీచ్ రోడ్ మీద, జగదాంబ దగ్గర ఆటోలో ఫోన్ వాడేవాళ్ళకి గొంతు తాళం గురించి చెప్పక్కర్లేదు, ఆ గాలికి ఆ హారన్లకి మన మాట మనకే వినపడదు.

ప్రాజెక్టు చేసే పిల్లలకి మాత్రం ఈ టాపిక్ వద్దు అనను, తప్పకుండా తీసుకోండి, ఇందులో చెయ్యాల్సింది చాలా ఉంది. ఓపెన్‌ఎస్‌ఎల్‌ఆర్ అనే సైట్‌లో తెలుగు గొంతుల సెట్ దొరుకుతుంది. కానీ మా కీ 256 బిట్లు, యాక్యురసీ ఇంత శాతం అని రాసి వదిలెయ్యకండి. హెల్పర్ డేటా దొంగ చేతిలో ఉందనుకుని, వాడు ఎన్ని ప్రయత్నాల్లో కీ పట్టుకోగలడో కొలవండి. అన్నదమ్ములవి, తండ్రీకొడుకులవి గొంతులు పెట్టి చూడండి. మైకు మార్చి, ఫ్యాన్ వేసి చూడండి. బల్లార్డ్, కమారా, రైటర్ 2008లో బయోమెట్రిక్ కీల మీద రాసిన పేపర్ దొరికితే ముందు అది చదవండి, ఇలాంటి కొలతల్లో ఎక్కడెక్కడ మనల్ని మనం మోసం చేసుకుంటామో అందులో ఉంది.

గొంతు అసలు వాడొద్దా అంటే, వాడొచ్చు, తోడుగా. పాస్‌ఫ్రేజ్ బలం దానికి ఉంచి, దాని మీద గొంతుని అదనంగా కలిపితే నష్టం లేదు, గొంతు తప్పిన రోజు ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకుంటే చాలు. చేతులు కదపలేని మనిషి, పిన్ కూడా నొక్కలేని మనిషి ఉంటే గొంతే దిక్కు, అప్పుడు కూడా వాచ్‌మన్ పద్ధతి పెట్టండి, లెక్కపెట్టే చిప్ వెనక.

మావయ్యకి ఏం చేశానంటే, నా పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, రికార్డింగులన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లో పెట్టాను. ఆ డ్రైవ్‌కి ఒకటి కంటే ఎక్కువ తాళాలు పెట్టుకోవచ్చు, లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి లక్స్2 లో 32 దాకా. ఒకటి ఆయన మెడలో తాడుకి కట్టుకున్న కీ, రెండోది బ్యాంకు లాకర్‌లో ఉన్న కీ, మూడోది పాస్‌ఫ్రేజ్. పిన్ కొట్టడానికి విడిగా నంబర్ ప్యాడ్ కొన్నాను, 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, వేలు దాని మీద ఆనించి అక్కడ్నుంచి మిగతా అంకెలు లెక్కపెట్టుకుంటాడు. మొదటిరోజు రెండుసార్లు తప్పింది, నాకు గుండె దడ, మూడోసారి పడింది. రాసింది పైకి చదివే ఈస్పీక్ అనే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతుతో "ఇప్పుడు కీ ముట్టుకోండి", "తెరుచుకుంది" అని కంప్యూటర్ చెప్పేలా చిన్న స్క్రిప్ట్ రాశాను. ఆ తెలుగు కొంచెం ఇనప పెట్టెలోంచి వచ్చినట్టుంటుంది, ఆయనకి మాత్రం నచ్చింది, "పోన్లే, ఇదైనా నన్ను మీరు అంటోంది" అన్నాడు.

పాస్‌ఫ్రేజ్ విషయంలో కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాళ్ళ మేడ మీద రేకులు లేచిపోయి బీరువాలోకి నీళ్ళొచ్చాయి, కాగితాలు అట్టలు కట్టేశాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోజుల తరబడి. అందుకని క్లౌడ్‌లో దాచిందే ఆధారం అనుకోలేదు, ఒక ఇంట్లోనే కాగితం పెట్టడమూ ఒప్పుకోలేదు. ఎనిమిది పదాలు తీసి, మొదటి నాలుగు మావయ్య కూతురు, అంటే మా వదిన దగ్గర విజయనగరంలో, చివరి నాలుగు నా దగ్గర, రెండూ లామినేట్ చేయించి సీలు వేసిన కవర్లలో. ఒక సగం ఎవరికైనా దొరికినా మిగతా నాలుగు పదాలు అంటే దాదాపు 52 బిట్లు, ఆర్గాన్2ని ఒక్కో ప్రయత్నానికి సెకను పట్టేలా పెట్టాను కాబట్టి లక్ష మిషన్లు పెట్టినా అన్నీ వెతకడానికి వెయ్యేళ్ళ పైనే. దీనికి షమీర్ 1979లో చెప్పిన రహస్యం పంచే పద్ధతి ఇంకా శుభ్రంగా ఉంటుంది, ఒక సగం దొరికితే ఏమీ తెలియదు అందులో, కానీ దాన్ని కలపడానికి మళ్ళీ సాఫ్ట్‌వేర్ కావాలి, మా వదిన ఒక్కర్తే కూర్చుని చెయ్యగలిగేలా ఉండాలని నేను పదాలే ఎంచుకున్నాను.

సంక్రాంతికి అందరం గాజువాకలో కలుస్తాం. భోగి రోజు మధ్యాహ్నం మా బావ బయటికి వెళ్ళినప్పుడు రెండు కవర్లూ విప్పి, వదిన తన నాలుగూ నేను నా నాలుగూ కొట్టి, డ్రైవ్ తెరుచుకుంటోందో లేదో చూసి, ఏ రికార్డింగూ ప్లే చెయ్యకుండా మూసేసి, కొత్త కవర్లలో పెట్టి మళ్ళీ సీలు వేస్తాం. మొన్నటి పండక్కి వదిన ఒక అక్షరం తప్పు కొట్టింది, రెండోసారికి తెరుచుకుంది.